2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

కాలనీ సంక్షేమ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, మురుగు కాలువ పనులు పూర్తయ్యాయి. లెక్కలు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు, మంచాన పడిన పెద్దలను ఇంట్లో చూసుకుంటున్న సభ్యుల బృందానికి ఇస్తున్నాను. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే.

పక్షవాతమో మతిమరుపో వచ్చిన మనిషిని ఏళ్ల తరబడి చూసుకునేవారికి కంటి నిండా నిద్ర ఉండదు, నలుగురి ముఖం చూసే వీలుండదు. వారికి క్యారియర్ భోజనం పంపుతూనే ఉన్నాం. అయితే వారు నోరు తెరిచి అడిగింది, తమలాంటి వారితో కాసేపు కూర్చునే అవకాశం. అందుకే శనివారం సాయంత్రాలు కమ్యూనిటీ హాలు వారికి కేటాయించాం. ఆ సమయంలో రోగి దగ్గర ఇరుగుపొరుగువారు వంతులవారీగా ఉంటారు. పడక పుండ్లు పడకుండా ఎలా తిప్పి పడుకోబెట్టాలి, రాత్రంతా ఇల్లంతా తిరిగే నాన్నగారిని ఎలా సముదాయించాలి వంటివి అక్కడ ఒకరికొకరు చెప్పుకుంటారు. విసుగు వచ్చి గట్టిగా అరిచిన రోజు గురించి కూడా సిగ్గుపడకుండా చెప్పుకుంటారు. అత్తగారికి ముద్ద తినిపించే ఉపాయం పక్కవారికి నేర్పిన కోడలు, ఆ సాయంత్రం తానూ సాయం చేసే మనిషిగా ఇంటికి వెళుతుంది.

తమలాంటి వారి తోడు ఎంత బలమో చూపే ప్రయోగం ఒకటుంది. 2001 డిసెంబరులో బ్రిటన్‌లో అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రైకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బీబీసీతో కలిసి ఒక కృత్రిమ జైలు ఏర్పాటు చేశారు. అందులో 15 మంది పురుషులను కాపలాదారులుగా, ఖైదీలుగా విడదీశారు. అధికారం, మెరుగైన తిండి కాపలాదారులవే. కానీ వారి మధ్య పొత్తు కుదరలేదు. ఖైదీలు మాత్రం ఒక్కటై, ఒకరికొకరు అండగా నిలిచారు. రోజులు గడిచేకొద్దీ ఒత్తిడి ఎక్కువగా కుంగదీసింది కాపలాదారులనే. సౌకర్యాలు ఎన్ని ఉన్నా ‘మనవాళ్లు’ లేని లోటు తీరదని ఆ ప్రయోగం చదివినప్పుడు నాకు అర్థమైంది.

సంక్రాంతి బొమ్మల కొలువు పేరంటానికి ఈసారి భర్తను పోగొట్టుకున్న సోదరీమణులను కూడా పిలిచి, అందరితో సమానంగా పసుపు కుంకుమలు ఇచ్చాం. దుఃఖంలో ఉన్న మనిషినే వెలివేసే ఆచారం మన సంఘంలో ఇక ఉండకూడదు.

మాటలతో తీరని దిగులు ఉన్నవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

రోగుల దగ్గర ఉండే వంతులు ఇప్పటిదాకా దాదాపు ఆడవారే మోశారు. ఇది న్యాయం కాదు. మగవారు కూడా సర్వసభ్య సమావేశంలో తమ పేర్లు, వీలైన వారాలు నమోదు చేయించాలని కోరుతున్నాను.