శ్రీనూకి, ఆవకాయ సీసాతో పాటు

విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

శ్రీనూ,

చంటి రేపు పొద్దున బస్సుకి హైదరాబాద్ వస్తున్నాడు. వాడి చేతికి ఆవకాయ సీసా, కందిపొడి, ఈ ఉత్తరం ఇస్తున్నాను. సీసా మూతికి గుడ్డ కట్టి పైన రెండు కవర్లు చుట్టాను. అయినా నిలువుగానే పెట్టుకో. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానమ్మా" అని పెట్టేస్తున్నావు. మూడు వారాలైంది. కాగితమైతే నీ మీటింగు అయ్యేదాకా ఆగుతుంది కదా.

ఇక్కడ అంతా బాగానే ఉంది. నీళ్ల మోటారు మళ్లీ మొరాయించింది. రాజ్యం పిన్నికి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఆవిడే చెప్పింది, నువ్వు చంటిని డెబ్భై వేలు సర్దమన్నావని. వాడు నాతో ఒక్క మాట అనలేదు, వాడిని తిట్టకు. కారులో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే రంగు నీళ్లు) కారిపోతోందట, షెడ్డువాడు 68,000 అవుతుందన్నాడట. నేనేమీ అనడం లేదు. ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు నీళ్లు కారే బళ్లే చూసిన మనిషి ఇంట్లో ఉండగా, స్కూటర్ వాయిదాలు కట్టలేక చస్తున్న చంటిని అడిగావేమిటా అని, అంతే.

సంగతి విన్నప్పటి నుంచీ మీ నాన్న మంచం మీద నుంచే ప్రశ్నలు వేస్తున్నారు. జవాబు చెప్పాల్సింది నువ్వు, అడుగుతున్నది నన్ను. బండి ఆగి ఉన్నప్పుడు కారుతోందా, తిరిగొచ్చాకా? పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకులో మట్టం రెండు గీతల మధ్య ఉందా, రోజుకి ఎంత తగ్గుతోంది? కింద పడింది రంగు నీళ్లేనా? ఏసీ వేస్తే పడే నీళ్లకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. వాటిని చూసి బెదిరిపోయి మన షాపుకొచ్చినవాళ్లు ఎంతమందో. కూలెంట్ అయితే వేళ్లకి జారుడుగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది. వాసన చూడమన్నాను, నాలిక మీద పెట్టుకోమనలేదు, అది విషం. నువ్వు అన్నం పెట్టే ఆ నల్లకుక్క కారు కిందే పడుకుంటుంది కదా, ఆ తీపికి కుక్కలు నాకుతాయి. కింద పడిందంతా నీళ్లు పోసి కడిగెయ్.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌కీ, దాని పైభాగం హెడ్డుకీ మధ్య ఉండే పలుచటి రేకు) పోయింది, హెడ్డు దించాలి, పనిలో పనిగా వాటర్ పంప్, రేడియేటర్, పైపులు అన్నీ మార్చేద్దాం అన్నాడట కదా. ఏం చూసి అన్నాడు? అది అడిగావా? గ్యాస్కెట్ పోతే ఆనవాళ్లు ఉంటాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన టీ రంగులో జిగురు కనిపిస్తుంది. బండి స్టార్ట్‌లో ఉండగా ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తాయి. అన్నీ ఉండాలని లేదు, ఒక్కటీ లేకపోతే మాత్రం షెడ్డువాడి మాట అనుమానించాలి. ట్యాంకు మూత దగ్గర చేతి పంపు బిగించి గాలి కొట్టి చూస్తారు. పంపు మీటరు ముల్లు పడిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టే, ఎక్కడి నుంచో అప్పుడే వెతకొచ్చు. దానికి ఇంజిన్ విప్పక్కర్లేదు. అది చేశాడా లేదా?

నీ పుట్టువెంట్రుకల ప్రయాణం గుర్తుందా అని అడిగితే నవ్వుతావు, నీకు మూడేళ్లు. 1996లో, బాబాయి అంబాసిడర్‌లో తొమ్మిది మందిమి శ్రీశైలం బయల్దేరాం. వినుకొండ దాటినప్పటి నుంచీ ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతూనే ఉంది. దోర్నాలలో బానెట్ నుంచి ఆవిరి లేచింది. పెదమామయ్యకి ఆత్రం ఎక్కువ కదా, మీ నాన్న వద్దు వద్దంటుంటే తువ్వాలు పట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. మరుగుతున్న నీళ్లు మోచేతి దాకా కొట్టాయి. ఆ మచ్చని ఇప్పటికీ చొక్కా చేతులతో కప్పుకుంటాడు. పక్కనే షెడ్డు ఉంటే అతను వచ్చి ఆవిరి చూశాడు, మూత కూడా ముట్టుకోలేదు, "హెడ్డు పోయింది, దించాలి, రెండు రోజులు, మూడు వేలు" అన్నాడు. మీ నానమ్మ కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. నువ్వు ఏడుపు. మీ నాన్న మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా బండి చల్లారేదాకా చెట్టు కింద బీడీ కాల్చారు (ఇప్పుడు మానేశారులే), తర్వాత నీళ్లు నింపి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, పాత పేపర్లు కింద పరిచి, వాటి పక్కనే వెల్లకిలా పడుకున్నారు. అరగంట. పేపర్ మీద తడి ఒకే మూల పడింది. రేడియేటర్ జాలీకి సూది మొనంత చిల్లు. నేను అమ్మవారికి తెచ్చిన పసుపులో రెండు చెంచాలు నీళ్లలో కలిపి పోయించారు. రెండు డబ్బాల నీళ్లు వెనక పెట్టుకుని, ఘాట్ అంతా ఆపుకుంటూ, నీళ్లు పోసుకుంటూ కొండ ఎక్కాం. ఊరికొచ్చాక తనే టంకం పెట్టుకున్నారు, టీలతో కలిపి నలభై రూపాయలు కాలేదు. మీ నానమ్మ మాత్రం భ్రమరాంబ పసుపు బండికి పోశాడని పోయేదాకా దెప్పుతూనే ఉంది.

ఈ కథ రాస్తున్నానని తెలిసి మీ నాన్న లోపలి నుంచి అరుస్తున్నారు: వాడు నిజంగా పసుపు పోస్తాడేమో, వద్దని రాయి! అప్పటివి ఇత్తడి రేడియేటర్లు, ఇప్పటివి అల్యూమినియం, పైన ప్లాస్టిక్. సన్న గొట్టాలు పూడుకుపోతాయట. ప్లాస్టిక్ పగిలితే టంకం పట్టదు, మార్చాల్సిందే. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున ఫొటో తీసి పంపు. ముందు మూలా, ఇంజిన్ పక్కా, లేక కారులోపల కాళ్ల దగ్గర చాప తడిసిందా అన్నది తెలిస్తే సగం తెలిసినట్టేనట. పైపు క్లిప్పు వదులైనా ఇంత హడావిడి జరుగుతుంది.

బిల్లుల సంగతి నేను చెప్తాను, బల్ల దగ్గర కూర్చుని రాసింది నేనే కాబట్టి. "మొత్తం 68,000" అని ఒక్క ముక్కలో చెప్పే పద్దుకి డబ్బు కట్టకు. సామాను ఎంత, కూలి ఎంత, లేతు పని ఎంత, విడివిడిగా రాసిమ్మను. హెడ్ గ్యాస్కెట్ ముక్క ఖరీదు తక్కువే, విప్పి బిగించే కూలి, హెడ్డు సాపు చేయించడమే ఖర్చు. తీసిన పాత సామాను నీకు చూపించమను. రెండో షెడ్డులో చూపించుకోవడానికి మొహమాటపడకు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్లు చెప్పిందే నిజమనుకుంటావు. ఫీజు కట్టిన రసీదు కూడా అడగలేక తిరిగొచ్చినవాడివి. సరే, తిట్టకూడదనుకున్నాను.

ఒకటి నిజం చెప్పు. ముల్లు ఎర్రగీత దాటాక కూడా ఆఫీసుకి టైమైపోతోందని నడిపావా? నడిపి ఉంటే హెడ్డు వంగి ఉండొచ్చు, అప్పుడు ఆ షెడ్డువాడిని అనుమానించి లాభం లేదు. దాచకు, నాన్న ఏమీ అనరు. తేలేదాకా బండి తియ్యకు, బస్సులో వెళ్లు. బోరు నీళ్లు మాత్రం నింపకు, లోపల గార కడుతుంది.

డబ్బు గురించి. ఒకవేళ నిజంగా హెడ్డే పోయి ఉంటే నా పోస్టాఫీసు డబ్బు ఉంది, చంటిని అడగొద్దు. కానీ డెబ్భై వేలు కారుకేనా? పిన్ని ఇంకో మాట కూడా అంది, మీ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని. ఆవిడ మాటలు నేను నమ్మను. జీతం ఒకటో తారీఖునే పడిందా?

మాగాయ కూడా పెడదామనుకున్నాను, కాయ దొరకలేదు. చంటి ఒంటిగంటకి దిగుతాడు, ఆకలితో ఉంటాడు, ఏదైనా పెట్టు.

ఫోన్ చెయ్. బండి సంగతి అయితే ఎప్పుడైనా చెయ్, నాన్న పక్కనే ఉంటారు. ఇంకేదైనా అయితే రాత్రి తొమ్మిదిన్నర తర్వాత చెయ్, ఆయన మాత్ర వేసుకుని పడుకుంటారు. నేను మేలుకునే ఉంటాను.

అమ్మ