సంతలో కొన్న పశువును మూడు వారాలు విడిగా కట్టాలి

సంపాదకులకు,

అయ్యా,

గాలికుంటు వ్యాధి టీకాలు మన ఊళ్లలో ఏటా విడతలవారీగా వేస్తూనే ఉన్నారు. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం గాలికుంటును 2025 నాటికి అదుపులోకి తేవాలనీ, 2030 నాటికి దేశం నుంచి నిర్మూలించాలనీ గడువు పెట్టుకుంది. ఇంత జరుగుతున్నా వ్యాధి పూర్తిగా పోలేదంటే, టీకా మందును అనుమానించే ముందు మనం పశువును కొనే తీరు, కట్టే తీరు, ఈనించే తీరు ఎలా ఉన్నాయో చూసుకోవడం న్యాయం. పాల సంఘంలో పనిచేసిన అనుభవంతో, ఈ విషయమై కొన్ని సంగతులు మీ పత్రిక ద్వారా రైతుల దృష్టికీ, పంచాయతీల దృష్టికీ తేదలచాను.

శిక్షణ తరగతుల్లో చెప్పే యాజమాన్య పద్ధతులు చాలావరకు ప్రహరీ, గేటు ఉన్న డెయిరీ ఫారాలను ఉద్దేశించినవి. రెండు గేదెలూ ఒక ఆవూ ఉన్న రైతును క్వారంటైన్ షెడ్డు కట్టుకొమ్మంటే ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఆయన పశువులు ఊరి పశువులతో కలిసే బీడుకు పోతాయి, అదే చెరువులో దిగుతాయి. చాలాచోట్ల పాలు పితికే మనిషి కూడా నాలుగైదు ఇళ్లకు ఒక్కడే. కాబట్టి వ్యాధి లెక్కలో ఊరంతా ఒకే మంద, ఊరి పొలిమేరే దాని గేటు. ఆ గేటు దాటి వచ్చే ప్రతి పశువు గురించీ ఊరు ఉమ్మడిగా ఒక కట్టుబాటు చేసుకోకపోతే ఒక్కొక్క రైతు పడే జాగ్రత్తకు ఫలితం దక్కదు.

గాలికుంటు వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. నోట్లో, గిట్టల మధ్య బొబ్బలు కనబడక ముందే చొంగలోనూ పాలలోనూ వైరస్ వెలువడుతుంది. సంతలో నిగనిగలాడుతూ కనబడిన పశువు ఇంటికి వచ్చిన వారానికి మేత మానేయడం ఇందువల్లనే. హర్యానా నుంచి లారీలో రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చిన ముర్రా గేదె అలసటతో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది గనుక, దానిలో అణగి ఉన్న గొంతువాపు వంటి జబ్బులు కూడా ఆ మొదటి రోజుల్లోనే పైకి తేలుతాయి. కొన్న రోజే టీకా వేయించినా రక్షణ కలగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకని కొత్త పశువును కనీసం మూడు వారాలు వేరే చోట కట్టి, దాని తొట్టి, పలుపు, చెంబు వేరుగా ఉంచి, మన పశువుల పని పూర్తయ్యాకే దాని దగ్గరకు వెళ్లాలి. ఒంటిమీది పిడుదులను కూడా అక్కడే వదిలించాలి. తొట్లు, నేల కడగడానికి ఖరీదైన మందు అక్కర్లేదు. లీటరు నీటికి 40 గ్రాముల చాకలి సోడా కలిపిన ద్రావణం గాలికుంటు వైరస్‌ను చంపుతుంది.

గాలికుంటు కంటికి కనబడుతుంది కనుక కనీసం భయమైనా ఉంది. ఈసుడు రోగమని మన రైతులు చెప్పుకునే బ్రూసెల్లోసిస్ విషయంలో ఆ భయమూ లేదు. చూడి పశువు అయిదో నెల దాటాక ఈసుకుపోతే, అంటే గర్భం పోతే, దిష్టి తగిలిందనో, జారిపడిందనో సరిపెట్టుకుంటాము. పడిన పిండాన్నీ మాయనూ పెంటకుప్ప మీద వేస్తే కుక్కలు ఊరంతా ఈడుస్తాయి, పక్కనున్న చూడి పశువులు ఆ తడిని నాకుతాయి. నీడలో, తేమలో ఈ క్రిమి నెలల తరబడి బతుకుతుంది. మాయ పడకపోతే ఉత్త చేతులతో లాగే మనిషికీ, పచ్చిపాలు తాగే పిల్లవాడికీ ఇదే జబ్బు వచ్చి, విడిచి విడిచి వచ్చే జ్వరంగా, కీళ్ల నొప్పులుగా పీడిస్తుంది. దాన్ని టైఫాయిడ్ అనుకుని మందులు వాడేవారు ఉన్నారు. దీనికి టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడ దూడలకు జీవితంలో ఒక్కసారే వేస్తారు. అంటే సంతలో కొన్న పెద్ద పశువుకు ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది. రక్తపరీక్ష చేయించి తెచ్చుకోవడం తప్ప మార్గం లేదు. ఈసుకుపోయిన పశువును వెంటనే విడదీయడం, పిండాన్నీ మాయనూ చేతికి తొడుగులతో తీసి కుక్కలు తవ్వలేని లోతు గోతిలో సున్నం చల్లి పూడ్చడం, ఆ చోటును కడిగి ఎండనివ్వడం — ఈ పనులకు డబ్బు కంటే పట్టింపు ఎక్కువ కావాలి.

జబ్బును దాచడం గురించి కూడా చెప్పక తప్పదు. ఊళ్లో ఒక పశువుకు చొంగ కారడం మొదలైందంటే కొందరు మిగిలిన వాటిని వచ్చిన ధరకు సంతకు తోలేస్తారు. రైతును తప్పుపట్టడం తేలికే గానీ, జబ్బు సంగతి చెబితే పాల కేంద్రంలో పాలు తీసుకోరన్న భయం ఆయనది. వ్యాధి సోకిన పశువు సమాచారం ఇవ్వడం, దాన్ని విడిగా ఉంచడం యజమాని బాధ్యతలని 2009 నాటి పశు అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం చెబుతున్నది. చెప్పినవాడు నష్టపోయే పరిస్థితి ఉన్నంతకాలం ఆ చట్టం కాగితం మీదే ఉంటుంది. సమాచారం ఇచ్చిన రైతుకు ఆ కొద్ది వారాలు దాణా అప్పుగా ఇచ్చే ఏర్పాటు పాల సంఘాలు చేయగలవు. ఉమ్మడిగా సేకరించిన పాలలో బ్రూసెల్లోసిస్ జాడ పట్టే పరీక్షను కూడా అవి పశువైద్యశాఖ సాయంతో అప్పుడప్పుడు చేయించవచ్చు.

పంచాయతీలకు నా విన్నపం ఒక్కటే. ఊరి చివర నీడ, నీళ్లు ఉన్న చోట ఒక చిన్న పాక వేసి, కొత్తగా వచ్చిన పశువులను మూడు వారాలు అక్కడ కట్టుకునే వీలు కల్పించాలి. ఇక సంతల మీద ఏటా వేలంపాట ద్వారా ఆదాయం పొందుతున్నవారు, చెవికి 12 అంకెల గుర్తింపు ట్యాగు లేని పశువునూ, చొంగ కారుతూ కుంటుతున్న పశువునూ లోపలికి రానివ్వకూడదన్న షరతును పాట ఒప్పందంలోనే చేర్చాలి. ప్రతి సంత ముగిశాక ఆవరణను సోడా నీళ్లతో కడిగించే ఖర్చును కూడా ఆ ఆదాయం నుంచే భరించాలి.

ఇట్లు,
పాల సంఘం పూర్వ కార్యదర్శి,
ప్రకాశం జిల్లా