చక్కెర రుచిని బట్టి చోటు గుర్తుపట్టే లిస్టీరియా

ఒరేయ్ శీనూ,

ఆదివారం నువ్వు హడావుడిగా ఫోన్ పెట్టేశావు, నేను చెప్పాలనుకున్నది సగంలోనే ఆగిపోయింది. కడుపుతో ఉన్న చెల్లెమ్మకి అక్కడి డాక్టరు ఇచ్చిన లిస్టులో మెత్తటి చీజ్, చల్లగా తినే మాంసం ముక్కలు వద్దని రాసి పక్కన లిస్టీరియా అని పెట్టారు, అదేంట్రా అన్నావు. ఒక బ్యాక్టీరియా అనేసి ఊరుకున్నాను కానీ మనసొప్పలేదు, అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు.

ముందు మా ల్యాబ్ సంగతి చెబుతాను. ఎమ్మెస్సీ పిల్లల చేత ప్రతి ఏడాదీ ఒక ప్రయోగం చేయిస్తాను. ఒక ఫ్లాస్కులో కొంచెం గ్లూకోజ్, కొంచెం లాక్టోజ్ (పాలల్లో ఉండే చక్కెర) కలిపి అందులో ఈ.కోలై అనే బ్యాక్టీరియా వేస్తాం. ఇరవై నిమిషాలకోసారి కాస్త తీసి మిషన్‌లో పెట్టి ఎంత మబ్బుగా ఉందో చూసి (బ్యాక్టీరియా పెరిగేకొద్దీ మబ్బు పెరుగుతుంది) గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టాలి. చుక్కలు చకచకా పైకెళ్తుంటాయి, ఒకచోట ఆగిపోతాయి. మూడు చుక్కలు ఒకే గీత మీద పడేసరికి పిల్లలకి టెన్షన్, "సార్, చచ్చిపోయాయా?" అంటారు. కాసేపు ఆగండమ్మా అంటాను. కాసేపటికి గీత మళ్ళీ లేస్తుంది. ఎన్నేళ్ళుగా చూస్తున్నా ఆ లేచే క్షణం నాకు కొత్తగానే ఉంటుంది.

జరిగేదేంటంటే, గ్లూకోజ్ ఉన్నంతసేపూ అది లాక్టోజ్ జోలికి పోదు. లాక్టోజ్‌ని విరగ్గొట్టే ఎంజైముల జన్యువుల దగ్గర ఒక ప్రోటీన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది, లాక్టోజ్ లోపలికొస్తేనే అది లేస్తుంది. అది లేచినా చాలదు, సీఆర్‌పీ అని ఇంకో ప్రోటీన్ వచ్చి ఊతమివ్వాలి (రక్తపరీక్షలో రాసే సీఆర్‌పీ వేరు, ఇది వేరు), అదేమో గ్లూకోజ్ అయిపోయాకే బాగా పనిచేస్తుంది. ఆ గీత మధ్యలో ఆగడాన్ని 1941లో పారిస్‌లో గమనించినవాడు జాక్ మోనో అనే శాస్త్రవేత్త. తర్వాత పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకోబ్‌తో కలిసి జన్యువులకి కూడా స్విచ్చులుంటాయని తేల్చాడు, 1965లో వాళ్ళిద్దరికీ, ఆంద్రే ల్వోఫ్‌కీ కలిపి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు లిస్టీరియా దగ్గరికొద్దాం. దాని అసలు ఇల్లు మన ఒళ్ళు కాదురా, మట్టి. కుళ్ళే ఆకులు, గడ్డి మీద బతుకుతుంది. ఆకుల్లోని సెల్యులోజ్ విరిగినప్పుడు సెల్లోబయోజ్ అనే చక్కెర వస్తుంది, రెండు గ్లూకోజులు జతకట్టినట్టు ఉంటుంది. ఆ చక్కెర దొరుకుతున్నంతసేపూ లిస్టీరియా రోగం తెచ్చే తన జన్యువులని అణిచి ఉంచుతుంది. ఆ జన్యువులన్నిటికీ పెద్ద పీఆర్ఎఫ్ఏ అనే ప్రోటీన్. ఇది మన ఈ.కోలైలోని సీఆర్‌పీకి చుట్టమేరా, ఒకే కుటుంబం! అక్కడ ఏ చక్కెర తినాలో చూసుకునే ప్రోటీన్ లాంటిదే ఇక్కడ ఎప్పుడు దాడి చేయాలో చూసుకుంటోంది. ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి లేచి నాలుగడుగులు నడిచొచ్చాను. నాకర్థమైనంతవరకు బ్యాక్టీరియాకి చక్కెర కడుపు నింపేది మాత్రమే కాదు, తానెక్కడుందో చెప్పే గుర్తు కూడా. సెల్లోబయోజ్ తగిలితే బయట ఉన్నట్టు.

మరి లోపలికొచ్చినట్టు ఎలా తెలుస్తుంది? ఒకటి వేడి. పీఆర్ఎఫ్ఏని తయారుచేసే ఆర్ఎన్ఏ (జన్యువు నుంచి తీసిన నకలు లాంటిది) చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటుంది, అందుకని ప్రోటీన్ సరిగా తయారుకాదు. మన ఒంటి వేడి, 37 డిగ్రీలు, తగిలితే ఆ మడత విడిపోతుంది. ఇది 2002లో పాస్కల్ కొస్సార్ బృందం చూపించింది, అదీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనే. రెండోది, మన కణాల్లో దండిగా ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు పీఆర్ఎఫ్ఏకి అతుక్కుని దాన్ని పూర్తిగా మేల్కొలుపుతుంది. ఇక లిస్టీరియా, కణం తనని మింగినప్పుడు చుట్టూ ఏర్పడ్డ సంచికి చిల్లు పెట్టి కణం మధ్యలోకి దూకుతుంది, అక్కడ మన కణంలోని ఆక్టిన్ అనే ప్రోటీన్‌నే తోకలా అల్లుకుని ఈ కణంలోంచి పక్క కణంలోకి తోసుకుపోతుంది.

తిండి కూడా అప్పుడే మారిపోతుంది. మన కణాలు గ్లూకోజ్‌కి ఫాస్ఫేట్ తగిలించి పెట్టుకుంటాయి కదా, దాన్ని ఎత్తుకుపోవడానికి లిస్టీరియా దగ్గర హెచ్‌పీటీ అనే తలుపు ఉంది. ఆ తలుపు తెరిపించేదీ పీఆర్ఎఫ్ఏనే. ఆ తలుపు లేని లిస్టీరియాని తయారుచేసి చూస్తే కణాల లోపల దాని పెరుగుదల బాగా మందగించింది. పైగా మన కణాల్లో అదే చక్కెరని అటూ ఇటూ చేరవేసే ప్రోటీన్‌కి ఈ హెచ్‌పీటీ దగ్గరి పోలికట. మనింటి తాళంచెవిలాంటిదే చేయించుకుని వచ్చినట్టు లేదూ?

చెల్లెమ్మ విషయానికొస్తే, ఇది ఇలా కణం నుంచి కణానికి పోగలదు కాబట్టే మాయని (ప్లాసెంటాని) దాటి కడుపులోని బిడ్డని చేరగలదు. తల్లికి మామూలు జ్వరం, ఒళ్ళునొప్పులతోనే సరిపోవచ్చు, ప్రమాదం బిడ్డకి. భయపెట్టాలని కాదు, కానీ తేలిగ్గా తీసుకోవద్దు. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే తినడానికి సిద్ధంగా ఉండే మాంసం వల్ల 1,000కి పైగా కేసులొచ్చాయి, 200 మందికి పైగా పోయారు, రోగుల్లో పుట్టిన నెలలోపు పసిపిల్లలే చాలామంది.

ఇంకో సంగతి, ఫ్రిజ్‌ని నమ్ముకోకు. 4 డిగ్రీల దగ్గర కూడా ఇది మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. కానీ వేడికి చస్తుంది. కాబట్టి నిన్నటి కూర ఏదైనా సరే, గోరువెచ్చగా కాదు, పొగలు వచ్చేదాకా కాచి పెట్టు. పచ్చిపాలతో చేసిన చీజ్ ఇంట్లోకి తేవద్దు. కూరగాయలు, పళ్ళు కడిగే కొయ్యి, అవి మట్టిలోంచే వస్తాయి. చెల్లెమ్మకి జ్వరమొస్తే ఇంట్లో మాత్ర వేసి ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యి, ఏం తిన్నదో కూడా చెప్పు. త్వరగా కనిపెడితే యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది.

నెల తిరిగేలోపు మళ్ళీ ఫోన్ చేసి ఎలా ఉందో చెప్పరా.

నీ
రవి