పోతే దొరకని వస్తువులకే తొలి చోటు

సంపాదకులకు,

సెలవుల కాలం దగ్గరపడినప్పుడల్లా పత్రికల ప్రయాణాల పేజీల్లో వెంట తీసుకువెళ్లవలసిన వస్తువుల జాబితాలు వస్తుంటాయి. నాలుగు రోజులు విహారానికి వెళ్లివచ్చేవారికి అవి ఉపకరిస్తాయి. కానీ ఉద్యోగరీత్యానో, చదువు కోసమో, దూరాన ఉన్న పిల్లల దగ్గర నెలల తరబడి ఉండి రావడానికో తరచుగా ప్రయాణాలు చేసేవారి అవసరాలు వేరుగా ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ భాగం ప్రయాణాల్లోనే గడిపే వ్యక్తిగా ఆ అవసరాల గురించి కొన్ని విషయాలు మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

మన జాబితాలు సాధారణంగా బట్టలతో మొదలవుతాయి. దీర్ఘ ప్రయాణానికి సిద్ధమయ్యేవారు మాత్రం ఒక్కొక్క వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది పోతే వెళ్లినచోట ఒక్కరోజులో మళ్లీ దొరుకుతుందా అని ముందుగా ప్రశ్నించుకోవాలి. దొరికేదైతే పెద్ద పెట్టెలో ఎక్కడ సర్దినా ఫరవాలేదు, ఇంట్లో వదిలేసినా ఫరవాలేదు. దొరకనిదైతే అది క్షణం కూడా మన చెయ్యి దాటకూడదు. ఈ ఒక్క ప్రశ్నతో సామానులో సగం దానంతట అదే తగ్గిపోతుంది. తువ్వాళ్లు, సబ్బులు, షాంపూలు, అదనపు చెప్పులు, ‘ఎందుకైనా మంచిది’ అని పెట్టుకునే నానా వస్తువులు ఈ పరీక్షలో నిలవవు.

బట్టల సంగతి త్వరగా ముగిస్తాను. ప్రయాణం పది రోజులైనా ఆరు నెలలైనా వారానికి సరిపడా బట్టలు చాలు, ఎందుకంటే ఆ తరువాత ఎలాగూ ఉతుక్కోవలసిందే. మందపాటి నూలు బట్టలు ఆరడానికి చాలా సమయం పడుతుంది కనుక త్వరగా ఆరే పల్చని బట్టలు మేలు. చలి ప్రదేశాలకు ఒకే బరువైన కోటు కంటే ఒకదానిపై ఒకటి వేసుకోగలిగే పల్చని పొరలు ఎక్కువ పనికివస్తాయి, వాటి మధ్య నిలిచే గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. కొత్త బూట్లతో మాత్రం దూరప్రయాణం మొదలుపెట్టవద్దు. అవి కాలికి అలవాటయ్యేదాకా ఇంటి దగ్గరే తొడుక్కుని తిరగాలి.

ఇక కాగితాలు. పాస్‌పోర్టు గడువు తీరలేదు కదా అని నిశ్చింతగా బయలుదేరేవారు చాలామంది ఉన్నారు. అనేక దేశాలు తమ గడ్డ మీద అడుగుపెట్టేవారి పాస్‌పోర్టుకు ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలని కోరతాయి, ముద్ర వేయడానికి ఖాళీ పేజీలు ఉండాలని కూడా అడుగుతాయి. తరచుగా తిరిగేవారికి గడువు కంటే ముందే పేజీలు అయిపోతుంటాయి కనుక ఈ రెండింటినీ టికెట్టు కొనక ముందే చూసుకోవాలి. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా తప్పనిసరి అయిన దేశాలకు వెళ్లేవారు ఆ ధ్రువపత్రాన్ని పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోవాలి. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే అది చెల్లుబాటులోకి వస్తుంది కాబట్టి చివరి వారంలో పరుగెత్తితే ప్రయోజనం ఉండదు. 2016 జులై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతోంది, పదేళ్లకొకసారి మళ్లీ వేయించుకోవాలన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రాల నకళ్లు అసలు కాగితాలున్న సంచిలోనే పెట్టడం వల్ల ఫలితం లేదు. ఆ సంచి పోతే రెండూ పోతాయి. నకళ్లు మరో సంచిలో ఉండాలి, ఇంకొక ప్రతి ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి. డబ్బుకూ కార్డులకూ కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

కాగితాల కంటే పెద్ద ఆధారం ఇప్పుడు ఫోను అయింది. టికెట్లు, బస వివరాలు, బ్యాంకు ఖాతా, దారి చూపే పటాలు, అయినవారి నంబర్లు, అన్నీ దానిలోనే ఉంటున్నాయి. అంతకంటే ముఖ్యంగా, ఈ ఖాతాల్లో దేనిని తెరవాలన్నా వచ్చే ఓటీపీ సాధారణంగా ఆ ఫోనులోని సిమ్‌కే వస్తుంది. పరాయి దేశంలో ఫోను పోగొట్టుకున్న మనిషి వేరొకరి ఫోను అడిగి తీసుకున్నా తన ఈమెయిల్‌లోకి తాను ప్రవేశించలేడు, ఎందుకంటే అక్కడా ఓటీపీ అడుగుతారు. దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. ఈమెయిల్ వంటి ముఖ్యమైన ఖాతాలు చాలావరకు ముందుగానే కొన్ని అత్యవసర సంకేత సంఖ్యలను ఇస్తాయి. ఒక్కొక్క సంఖ్య ఒక్కసారికి పనిచేస్తుంది, దానికి సిమ్ అవసరం లేదు. వాటిని కాగితం మీద రాసి, ఏ ఖాతావో ఇతరులకు తెలియకుండా, ఫోనుకు దూరంగా దాచుకోవాలి. అదే కాగితం మీద ఇద్దరు ముగ్గురు దగ్గరివారి ఫోను నంబర్లు కూడా ఉండాలి. మన ఇంటివారి నంబరు మనలో ఎంతమందికి కంఠస్థంగా ఉందో ఎవరికి వారు ఆలోచించుకుంటే ఈ కాగితం విలువ తెలుస్తుంది. ఇంటి సిమ్‌కు వెళ్లినచోట సందేశాలు అందే ఏర్పాటు ఉందో లేదో బయలుదేరక ముందే కనుక్కోవాలి. అక్కడికి చేరాక దాన్ని మొదలుపెట్టించడానికి కూడా ఓటీపీయే కావలసి రావచ్చు.

మందుల విషయం మీద కాస్త ఎక్కువ చెప్పక తప్పదు. రక్తపోటుకో మధుమేహానికో రోజూ మాత్రలు వేసుకునేవారు ప్రయాణ కాలానికి సరిపడా మందులతో పాటు తిరుగు ప్రయాణం ఆలస్యమైతే అక్కరకు వచ్చేలా కనీసం ఒక వారానివి అదనంగా ఉంచుకోవాలి. వాటిని డబ్బాలోకి మార్చకుండా కంపెనీ పేరు, మందు పేరు కనిపించే అసలు ప్యాకింగులోనే తీసుకువెళ్లాలి. వైద్యుల చేత రాయించుకునే చీటీలో కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరు, మోతాదు స్పష్టంగా ఉండాలి. ఒక దేశంలో ఇంటింటా తెలిసిన కంపెనీ పేరు మరో దేశంలో మందుల దుకాణం వారికి అర్థం కాకపోవచ్చు, అసలు పేరు మాత్రం దాదాపు అన్నిచోట్లా తెలుస్తుంది. ఒక దేశంలో మామూలుగా అమ్మే మందు మరో దేశంలో నిషేధంలో ఉండవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న మందులను జపాన్‌లోకి తీసుకువెళ్లకూడదు. కొడీన్ కలిసిన దగ్గు మందులు, కొన్ని నిద్రమాత్రలు, తీవ్రమైన నొప్పికి వాడే మందులు చాలా దేశాల్లో ముందస్తు అనుమతి ఉంటేనే చెల్లుతాయి. వెళ్లే దేశపు రాయబార కార్యాలయం సమాచారం చూసుకోవడమే దీనికి మార్గం.

ఇన్సులిన్ తీసుకునేవారు దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ విమానంలో కిందికి పంపే పెట్టెలో పెట్టకూడదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత మామూలుగానే కనిపించినా వాడకానికి పనికిరాదు. అందుకే మంచుగడ్డల సంచిలో పెట్టేటప్పుడు కూడా అది మంచుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి. సూదులు, గ్లూకోజు పరీక్ష పట్టీలు, వైద్యుల ఉత్తరం దానితోనే ఉండాలి. సాధారణ అవసరాలకు పారాసిటమాల్, అలర్జీ మాత్రలు, థర్మామీటరు, కట్టు కట్టే సామగ్రి, ఓఆర్‌ఎస్ పొట్లాలు సరిపోతాయి. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే, సాధారణంగా పెద్ద పొట్లమైతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో, పూర్తిగా కలపాలి. గ్లాసుడు నీళ్లలో పొట్లమంతా వేస్తే ఉప్పు గాఢత పెరిగి మేలుకు బదులు హాని జరుగుతుంది. అద్దాలు పెట్టుకునేవారికి రెండో జత అద్దాలు కూడా మందులతో సమానం. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో తేల్చింది. లోగడ ఆ సమస్య ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు వైద్యులను అడిగి సరైన కొలత గల బిగుతు మేజోళ్లు వెంట ఉంచుకోవడం అవసరం.

విద్యుత్ పరికరాల్లో అందరూ కొనేది పవర్‌బ్యాంకు, నిబంధన తెలియక ఎక్కువగా పోగొట్టుకునేదీ అదే. లిథియం బ్యాటరీ లోపల షార్ట్ అయితే దానంతట అదే మండుతుంది. విమానం లోపల మంట వస్తే సిబ్బంది వెంటనే చూసి ఆర్పగలరు కానీ అడుగున సామాను గదిలో వస్తే చేరుకోలేరు. అందుకే పవర్‌బ్యాంకును చేతిసంచిలోనే ఉంచుకోవాలన్న నియమం ఉంది. దాని సామర్థ్యం 100 వాట్-అవర్ల వరకు ఉంటే సాధారణంగా అనుమతి అక్కరలేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, అంతకు మించితే ప్రయాణికులు తీసుకువెళ్లడానికి వీలులేదు. డబ్బా మీద మిల్లీ ఆంపియర్-అవర్లు మాత్రమే ఉంటే ఆ సంఖ్యను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగించాలి. ఆ లెక్కన 20,000 అని రాసి ఉన్నది 74 వాట్-అవర్లు అవుతుంది. అంకెలు చెరిగిపోయిన పాత పవర్‌బ్యాంకును తనిఖీలో పక్కన పెట్టేసే అవకాశం ఉంది కనుక అలాంటిది తీసుకువెళ్లకపోవడమే మంచిది. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఒక విమానం నేల మీద ఉండగానే తగలబడిన తరువాత కొన్ని విమాన సంస్థలు పవర్‌బ్యాంకులను పై అరల్లో పెట్టవద్దని, ప్రయాణంలో వాడవద్దని ఆంక్షలు తెచ్చాయి. టికెట్టుతో వచ్చే సూచనలను ఈ కారణంగానైనా చదవాలి.

ప్లగ్గు మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100-240 వోల్టులు అని ఉంటుంది కనుక వాటికి అడాప్టరు సరిపోతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రం, నీళ్లు కాచే కెటిల్ వంటివి చాలావరకు ఒకే వోల్టేజీకి చేసినవి. 120 వోల్టుల యంత్రాన్ని 230 వోల్టులకు తగిలిస్తే కాలిపోతుంది.

తరచుగా తిరిగేవారికి నేను మనస్ఫూర్తిగా చెప్పే మాట మరొకటి ఉంది. ఛార్జరు, దంతధావన సామగ్రి, సూదీ దారం, పిన్నీసులు, చిన్న టార్చి, బట్టలారేసే తాడు, మందుల సంచి, మహిళలైతే నెలసరి సామగ్రి, ఇవన్నీ రెండో జత కొని ఒక చిన్న సంచిలో శాశ్వతంగా ఉంచేయాలి. ఇంటికి వచ్చాక దాన్ని విప్పకూడదు, వాడిన వాటిని మాత్రం అదే రోజు నింపాలి. హడావిడిగా బయలుదేరే వేళ మరచిపోయేవి సాధారణంగా ఈ చిన్న వస్తువులే. చేతిసంచిలో పెట్టే ద్రవాల సీసాలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించకుండా, అన్నీ ఒకే పారదర్శక సంచిలో పట్టేలా ముందే అమర్చుకుంటే తనిఖీ దగ్గర పెట్టె తెరిచి వెదుక్కునే అవస్థ ఉండదు.

చివరిగా, పెట్టెను మూసేముందు లోపలి సామానును, మూసిన తరువాత పెట్టెను ఫొటో తీసుకోవడం, పేరు, ఫోను నంబరు ఉన్న కాగితాన్ని పెట్టె లోపల కూడా ఉంచడం అలవాటు చేసుకోవాలి. బయటి చీటీ ఊడిపోయినప్పుడు పెట్టెను యజమానికి చేర్చేది లోపలి కాగితమే. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే చోట, పెట్టె దెబ్బతింటే అది చేతికి వచ్చిన 7 రోజుల లోపు, ఆలస్యంగా వస్తే వచ్చిన 21 రోజుల లోపు విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గడువు దాటితే పరిహారం అడిగే హక్కు దాదాపు పోయినట్లే. అందువల్ల విమానాశ్రయం వదిలి బయటికి రాకముందే ఫిర్యాదు నమోదు చేయించి నకలు తీసుకోవడం మంచిది.

మీ ప్రయాణాల పేజీలో చూడదగిన ప్రదేశాల వర్ణనలకు ఇచ్చే స్థలంలో కొంత భాగాన్ని ఇటువంటి నియమాలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. మందుల నిషేధాలు, బ్యాటరీ పరిమితులు, వీసా గడువులు మారినప్పుడల్లా ఆ మార్పును తేదీతో సహా ప్రచురిస్తే, ముఖ్యంగా పిల్లల దగ్గరకు తొలిసారి ఒంటరిగా వెళ్లే పెద్దవారికి ఎంతో ఉపయోగం కలుగుతుంది.

భవదీయ,
ఒక పాఠకురాలు