మంత్రిగారూ, పర్లాకిమిడిలో ప్రభుత్వ నర్సింగ్ డిగ్రీ కాలేజీ పెట్టించండి

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు నమస్కారాలు. ఇదే ఉత్తరం ఒడియాలో రాసి మీ ఆఫీసుకు పంపాను. తెలుగులో కూడా రాస్తున్నది మావాళ్లు చదవాలని, ముఖ్యంగా ప్లస్ టూ చదువుతున్న ఆడపిల్లల అమ్మానాన్నలు చదవాలని.

నా సర్వీసులో ఒక రాత్రి లేబర్ రూము డ్యూటీలో ఉన్నాను. కాశీనగర్ వైపు నుంచి నిండు చూలాలిని తీసుకొచ్చారు. "సిస్టరమ్మా, నీరు పోతంది" అంటోంది. పక్కనున్న నర్సు కొత్తగా చేరిన పిల్ల, కటక్ వైపు అమ్మాయి. తెలుగులో ఆమెకు తెలిసిన నాలుగు మాటల్లో "నీరు" ఒకటి. పరుగున వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ తల్లి చెబుతున్నది ఉమ్మనీరు గురించి. నేను మంచం దగ్గరికి వచ్చేసరికి దుప్పటి తడిసిపోయి ఉంది. నీరు ఆకుపచ్చగా ఉంది, అంటే బిడ్డ లోపల మలం వదిలేశాడు. డాక్టరుగారిని లేపాం. బిడ్డ దక్కాడు.

ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేదు. మంచి పనిమంతురాలు, మనసున్న పిల్ల. తెల్లారాక స్టోరు గది వెనక్కి వెళ్లి ఏడ్చింది. నరాలు, ఎముకలు, మందుల మోతాదులు అన్నీ నేర్పి పంపారు. ఏ మంచం దగ్గర నిలబడాలో ఆ మంచం మీద మనిషి మాట మాత్రం నేర్పలేదు.

మాది మూడు భాషల నేల. 1936లో ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడ్డప్పుడు సరిహద్దు గీత ఊరి పక్కనుంచి పోయింది. ఇప్పుడు ఆంధ్రలో ఉన్న పాతపట్నం అటు, మేం ఇటు. 1992లో గజపతి జిల్లా వచ్చింది. మా వార్డులో ఒక మంచం మీద ఒడియా, పక్క మంచం మీద తెలుగు, ఆ పక్కన కొండ దిగి వచ్చిన సవర ముసలమ్మ. "గుండెల్లో మంట" అన్నవాడికి పులితేన్పులా, గుండెపోటా అని తేల్చాలంటే ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఆ రెండు ప్రశ్నలూ అతని భాషలో అడగాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఎదుటివాడి మాట నేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు.

2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్ల రూపాయలతో 157 నర్సింగ్ కాలేజీలకు ఒప్పుకుంది. అవన్నీ 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే పెట్టాలని నియమం. 2017లో మొదలైన కొరాపుట్ మెడికల్ కాలేజీ లాంటివాటికి అది సరిపోతుంది, మా జిల్లాకు అందదు. అందుకే రాష్ట్రం డబ్బుతో, మా జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా, పర్లాకిమిడిలో బి.ఎస్సీ. నర్సింగ్ కాలేజీ పెట్టించమని అడుగుతున్నాను. కాలేజీకి కనీసం 100 పడకల ఆసుపత్రి ఉండాలని, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఊరికే అనలేదు. ఒంట్లో నీరు ఎండిపోయిన పసివాడి చేతికి సూది ఎక్కించడం బొమ్మ మీద రాదు.

ఈ నియమాన్ని పట్టించుకోని చోట ఏం జరుగుతుందో మా వీధిలోనే చూశాను. ప్లస్ టూ ఫలితాలు రాగానే ఏజెంట్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక తండ్రి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి, కూతుర్ని దూరపు రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీకి పంపాడు. అక్కడ మేడ ఉంది, ఆసుపత్రి లేదు. రెండో ఏడు గడిచినా ఆ పిల్ల ఒక్క కాన్పు కూడా చూడలేదు. చదువు మానేసి వచ్చేస్తానంటే, మొత్తం ఫీజు కడితేగాని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. తల్లిదండ్రులారా, డబ్బు కట్టకముందు ఆ కాలేజీ పిల్లలు ఏ ఆసుపత్రిలో డ్యూటీ చేస్తారో వెళ్లి చూడండి. హాస్టలు తర్వాత చూడొచ్చు.

మంత్రిగారూ, 2021 నాటి కొత్త సిలబస్‌లో మొదటి సెమిస్టరులోనే కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ ఉంది. ఉండాల్సిందే. దాంతోపాటు సరిహద్దు జిల్లాల్లో చదివే పిల్లలకు వార్డులో వాడే తెలుగు, సవర కొన్ని గంటలు చెప్పించేలా ఒడిశా హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీకి చెప్పండి. పాఠం చెప్పడానికి పండితులు అక్కర్లేదు, రిటైరైన నర్సులం, ఆశా కార్యకర్తలం ఉన్నాం.

మా పిల్లలకూ ఒక లోటు ఉంది, దాచను. ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలి. అది న్యాయమే. తెలుగు మీడియంలో చదివిన పిల్ల డిగ్రీ అంతా అయ్యాక ఆ గడప దగ్గర ఆగిపోతోంది. డిగ్రీ చదివే ఆ నాలుగేళ్లలోనే ఒడియా నేర్పి పరీక్ష రాయించండి.

నాది మూడేళ్ల జి.ఎన్.ఎం., అంటే నర్సింగ్ డిప్లొమా. డిప్లొమా నర్సులకు డిగ్రీ ఇచ్చే పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. రెండేళ్లు చదువుదామనుకున్నప్పుడు మా అత్తగారు మంచంలో ఉన్నారు, బాబు చిన్నవాడు, బరంపురం వెళ్లి ఉండలేకపోయాను. డిగ్రీ లేదు గనక ఎంత పని వచ్చినా పిల్లలకు పాఠం చెప్పే ట్యూటర్ కుర్చీ నాకు రాలేదు. ఇప్పుడు వార్డుల్లో ఉన్న నా చెల్లెళ్లకైనా ఆ రెండేళ్ల కోర్సు ఈ ఊళ్లోనే, జీతం ఆగకుండా చదివే వీలు కల్పించండి.

మీరు గజపతి జిల్లాకు వచ్చినప్పుడు మీటింగుకు ముందు ఒక అరగంట ప్రసూతి వార్డుకు రండి. మధ్యాహ్నం రెండు గంటలకు, డ్యూటీ మారే వేళకు వస్తే మంచిది. ఏ మంచం మీద ఏ భాషో మీకే వినిపిస్తుంది. పిలిస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
పర్లాకిమిడి