పెరుగు గిన్నెలోనూ దేవుని వాక్యం ఉంది

ఎడిటర్ గారికి,

క్రైస్తవ భక్తి వ్యాసాలు మీ పేపర్లో వచ్చినప్పుడల్లా చదువుతాను. బాగానే ఉంటాయి గానీ ఉదాహరణలన్నీ ఎక్కడో విదేశాల్లోని ఓడలు, రాజులు, కోటీశ్వరులవే. యేసు ప్రభువు ఎప్పుడూ అలాగే చెప్పలేదు కదా! విత్తనాలు చల్లే రైతు, పిండిలో పులిపిండి కలిపే ఇల్లాలు, పోయిన ఒక్క నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చే ఆమె... బైబిల్లో మత్తయి 13, లూకా 15 అధ్యాయాలు తీసి చూడండి.

మా అమ్మ రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి మూత పెడుతుంది, మధ్యలో గిన్నె కదిపితే ఊరుకోదు, తెల్లారేసరికి గడ్డ పెరుగు. కొంచెం పులిపిండి పిండినంతా పులియబెట్టే ఆ ఉపమానం నాకు అర్థమైంది అక్కడే, ప్రసంగంలో కాదు (పాస్టర్లు నొచ్చుకోవద్దు).

మెదక్ చర్చి సంగతీ అంతే. కరువు రోజుల్లో పోస్నెట్ దొర అనే ఇంగ్లీషు మిషనరీ జనానికి పని ఇచ్చి, అన్నం పెట్టి కట్టించిన గుడి అది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అందరూ గోపురం ఎత్తు చెబుతారు, రాళ్లు మోసిన కూలీల మాట మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఈసారి ఒక వ్యాసం ఏ నర్సు చేతో, ఆటో డ్రైవర్ చేతో రాయించండి. అచ్చుతప్పులుంటే మీరు దిద్దుకోవచ్చు.

– ఒక పాఠకురాలు