జపాన్‌లోని హమమత్సు నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

ఆఫీసు మామూలే. డబ్బు పదో తేదీన పంపుతాను. దగ్గు తగ్గింది, రోజూ మిరియాల చారు పెట్టుకుంటున్నానని అమ్మకు చెప్పండి.

ఒక మాట ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. పోయిన నెల సింథసైజర్ కీబోర్డు కొన్నాను. పాతది, 1983లో వచ్చిన యమహా డీఎక్స్7. కోపగించుకోకండి. వయొలిన్ల బదులు కీబోర్డు ఒక్కటి చాలన్నారని మీ కాల్షీటు రద్దయిన రాత్రి, మద్రాసు వడపళని ఇంట్లో నేను నిద్రపోలేదు. అమ్మ అన్నం మీద మూత పెట్టి కూర్చోవడం చూశాను. మన పొట్ట కొట్టిన వస్తువును ఇంటికి తెచ్చుకున్నాడని అనుకుంటారేమో! మీ చోట కూర్చున్నది ఏమిటో నా చేతులతో తెలుసుకోవాలనిపించింది, అంతే. పైగా ఆదివారాలు ఇక్కడ పలకరించే మనిషి ఉండరు.

61 మెట్లు. ఒకేసారి 16 స్వరాలు పలుకుతుంది. లోపల ఏ వాద్యం రికార్డింగూ లేదు నాన్నగారూ, ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని అతివేగంగా ఊపి నాదం పుట్టిస్తుంది. అందుకే గంటల మోత, ఎలక్ట్రిక్ పియానో దానికి బాగా అబ్బాయి. మెట్టును గట్టిగా కొడితే నాదం మెరుస్తుంది, మెల్లగా తాకితే మెత్తబడుతుంది. రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ గంట మోతనే ఒక్కసారి మోగిస్తూ, అది పూర్తిగా ఆరిపోయేదాకా వింటాను. పడుకోవడానికి ఆలస్యమవుతోంది, నిజమే.

వయొలిన్ల శబ్దం కూడా ఉంది. పెట్టి చూశాను. కమాను తిరిగేచోట తీగ మీద వినిపించే ఆ రాపిడి లేదు. వెంటనే మార్చేశాను.

ఎడమవైపు ఒక చక్రం ఉంది, స్వరాన్ని పైకీ కిందికీ వంచుతుంది. దానితో తోడి రాగంలోని గాంధారం పలికించాలని వారం రోజులు కూర్చున్నాను. చేయి వదిలితే చక్రం దానంతట అదే మధ్యకు వచ్చేస్తుంది. మీ వేలు అలా రాదు, దారిలో ఎక్కడో తడుముతుంది. అది ఎక్కడో నాకు అంతుపట్టడం లేదు.

చెల్లి మళ్లీ ఇల్లు మారిందా? మీ కళ్లజోడు సంగతి ఏమైంది?

చెల్లి వచ్చినప్పుడు తన ఫోనులో ఆ గాంధారం ఒక్కటి వాయించి పంపగలరా? ఆలాపన అంతా వద్దు, మీ భుజం నొప్పి నాకు తెలుసు.

మీ అబ్బాయి